ఫ్రిజ్ మీద అంటించిన కాగితం

ఇంటికి తిరిగొచ్చి ఇంకా నెల కాలేదు. మొన్న పొద్దున అమ్మ వంటింట్లో చేపలు కడుగుతోంది. గట్టు మీద గిన్నెలో నిమ్మకాయలున్నాయి. వాటివైపు చూసి, "అమ్మా, ఒక నిమ్మకాయ తీసుకోనా?" అని అడిగాను.

అమ్మ చేతిలో చేపతోనే వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూసింది.

"ఏందిమే, ఎవరింట్లో ఉండావు నువ్వు? నిమ్మకాయకి గూడా అర్జీ పెట్టుకుంటావా?"

వాకిట్లో వెల్లుల్లి ఒలుస్తున్న అవ్వ అక్కడినుంచే అందుకుంది. "నిన్న మంచినీళ్ళు తాగేదానికి గూడా నన్ను అడిగిందే. ఆ దేశంలో ఏదో గాలి సోకుండాది దీనికి. దిష్టి తియ్యి."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, అమ్మ నవ్వులో చిన్న నొప్పి ఉంది. మా వైపు సొంత మనిషి అడిగి తీసుకుంటే, తనను తాను పరాయిదాన్ని చేసుకున్నట్టే లెక్క. ఈ అడిగే అలవాటు నాకు ఎక్కడ పట్టుకుందో అవ్వకు సగం తెలుసు. అమ్మకు అసలు తెలియదు. నోటితో చెప్పడం నాకు చేతకాదు కాబట్టి రాస్తున్నాను.

మాది మైపాడుకు కాస్త దక్షిణంగా, సముద్రం ఒడ్డునే ఉన్న పల్లె. నాయన పడవ మీద వేటకు పోతాడు. మా మామది అలివి వల. ఒక పడవ ఆ వలను సముద్రంలో విల్లులాగా వంపుగా వేసి వస్తే, దాని రెండు కొసల మోకులూ పట్టుకుని ఒడ్డు మీది జనం లోపలికి లాగుతారు. గంటలకొద్దీ పని. మా ఊళ్ళో ఆ మోకు మీద చెయ్యి వేసినవాళ్ళందరికీ, వల ఒడ్డుకు చేరాక, కూరకు సరిపడా చేపలు దక్కుతాయి. రమ్మని ఎవరూ పిలవరు. నాకేదని ఎవరూ అడగరు. దారిన పోయేవాడు నాలుగు అడుగులు లాగిపోయినా సరే, మామ కంట్లో పడితే వాడి సంచిలో నాలుగు కవళ్ళ చేపలు పడతాయి.

ఏడేళ్ళప్పుడు అనుకుంటాను, నేను మొదటిసారి మోకు పట్టుకున్నాను. పట్టుకున్నానంటే వేలాడాను. వల వచ్చాక అందరికీ చేపలు పంచుతుంటే ఆగలేక, "మామా, నాకు?" అన్నాను. అవ్వ నా చెవి పట్టుకుని పక్కకు లాగింది.

"అడగబాక. అడిగితే కూలిదానివైతావు. నీ చెయ్యి మోకు మీద పడింది ఆయన చూసినాడు గదా. కండ్లుండాయి గదా ఆయనకి."

నిజంగానే చూశాడు. తాటాకు ఈనెకు గుచ్చిన రెండు కానాగంత చేపలు నా చేతికిచ్చి, "ఇంద మే, కూరకి," అన్నాడు. అంత బరువైన వస్తువు నేను మళ్ళీ ఎప్పుడూ మోయలేదనిపిస్తుంది.

ఇంకొకసారి ఆదివారం నెల్లూరు నుంచి సముద్రం చూడ్డానికి వచ్చిన ఒక కుటుంబం ఫొటో కోసం మోకు పట్టుకుంది. ఫొటో అయిపోయాక వాళ్ళు ఐస్‌క్రీము బండి దగ్గర నిలబడి ఉంటే, మామ వెతుక్కుంటూ పోయి వాళ్ళ కవర్లో చేపలు వేశాడు. ఆ ఇంటాయన వెంటనే పర్సు తీశాడు.

"అయ్యా, అది లోపల పెట్టుకో. నేను చేపలు అమ్మలా."

"మరెందుకిచ్చావయ్యా?" అంది ఆయన భార్య.

"మీరు లాగినారు గదమ్మా."

"రెండు నిమిషాలే కదా!"

"రెండు నిమిషాలు లాగితే వల రెండు నిమిషాలు ముందుకొచ్చింది గదమ్మా," అన్నాడు మామ, ఆవిడ ఇంత చిన్న విషయం ఎందుకు అడుగుతోందో అర్థం కాక. చేపల నీళ్ళు కారుతున్న కవరును చీరకు దూరంగా పట్టుకుని ఆవిడ కారెక్కింది.

ఇదంతా నాకు గాలిలాంటిది. ఉందని కూడా తెలియకుండా వెంట పెట్టుకుని ఐర్లండ్ పోయాను.

నేను చదవడానికి పోయింది నీటి పరీక్షల చదువు. మా ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల మధ్య పుట్టినదానికి అదేమీ వింత కాదు. ఆ దేశం పడమటి తీరంలో ఒక చిన్న ఊరు. అక్కడ కాలేజీలో సీటు దొరకడం కంటే ఉండడానికి గది దొరకడం కష్టం. మొదటి మూడు వారాలు ఎనిమిది మంది పడుకునే గదిలో, పై మంచం మీద, సూట్‌కేసును కాళ్ళ దగ్గర పెట్టుకుని గడిపాను. మా తరగతిలో ఒక అబ్బాయి గది దొరక్క చదువు వదిలేసి వెళ్ళిపోయాడు. అందుకే ఆ ఇంట్లో గది ఉందని తెలిసినప్పుడు, ఇంటావిడ ముందు నేను పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్నాను.

ఆవిడ రిటైరైన నర్సు. కింద ఒక గదిలో ఆవిడ ఉండేది, పైన మూడు గదులు అద్దెకిచ్చేది. వంటగది అందరికీ ఒక్కటే.

"రెండు నెలలు చూస్తాను," అంది. "ఆ తర్వాత నాకూ, మిగతా ఇద్దరికీ సరేననిపిస్తే ఏడాదంతా ఉండు. ఇన్నేళ్ళలో నేను ఒక్కరినే వెళ్ళిపొమ్మన్నాను."

ఆ ఒక్కరూ ఏం చేశారో అడగడానికి నాకు నోరు రాలేదు. రెండు నెలలూ దాని గురించే ఆలోచించాను.

పైన ఉన్న ఇద్దరిలో ఒకామె ఆ దేశం అమ్మాయే. ఏదో పల్లెటూరి నుంచి వచ్చి నర్సింగు చదువుతోంది. రెండో ఆమెది బ్రెజిల్. తెల్లవారకముందే ఒక బేకరీలో పనికి పోయి మధ్యాహ్నానికి వచ్చేది. సాయంత్రం ఇంగ్లీషు క్లాసులు. మా ఇద్దరి ఇంగ్లీషూ డబ్బు పెట్టి నేర్చుకున్నదే కాబట్టి ఆమెతో మాట్లాడటం నాకు కొంచెం తేలిక. మొదటి వారంలోనే నా గొడుగు గాలికి తిరగబడి విరిగిపోతే, తన రెండో రెయిన్‌కోటు తెచ్చి నా భుజాల మీద వేసి, "ఇక్కడ గొడుగులు కొత్తవాళ్ళే కొంటారు," అంది. ఏ చెత్త ఏ రంగు డబ్బాలో వెయ్యాలో ఆమే నేర్పింది. బేకరీలో మిగిలిన రొట్టెలు తెచ్చి బల్ల మీద పడేసి, "తినండి, ఆకలిగా ఉన్న ఆడవాళ్ళారా," అని అరిచేది.

అలవాటు పడటం అంటే నాకు పెద్ద సంగతులేవీ గుర్తు రావు. చిన్నవే. ఉతికిన బట్టలు ఇంట్లోనే ఇనుప కడ్డీల మీద వేసి, ఆరడానికి రెండు రోజులు చూడటం. మా ఊళ్ళో అరగంటలో ఆరిపోయి, ఉప్పుగాలికి అప్పడంలాగా బిరుసెక్కే నా చున్నీ, అక్కడ ఎప్పుడు ముట్టుకున్నా చల్లగా ఉండేది. ఆ ఊళ్ళో బస్సు దిగేటప్పుడు ప్రతి ఒక్కరూ డ్రైవరుకు థాంక్స్ చెప్పి దిగుతారు. నేను సీట్లో కూర్చుని లోపల్లోపల సాధన చేసేదాన్ని. మొదటిసారి నోరు పెగిలేసరికి తలుపు మూసుకుపోయి బస్సు కదిలింది. ఆ రోజు డైరీలో రాసుకున్నాను: "చెప్పాను. బస్సుకి చెప్పాను."

మాకు సముద్రం అంటే తూర్పు. దిక్కు తెలియకపోతే అలల చప్పుడు వింటే చాలు. అక్కడ మొదటి ఆదివారం, ఇంటి మీద బెంగతో, పొద్దున్నే ఒడ్డుకు పోయి సూర్యుడి కోసం నిలబడ్డాను. సముద్రం మీద ఎంతసేపటికీ వెలుగు రాలేదు. కాసేపటికి నా వీపు వెచ్చబడింది. తిరిగి చూస్తే సూర్యుడు ఇళ్ళ కప్పుల మీదుగా వస్తున్నాడు. కుక్కను తిప్పుతున్న ఒక ముసలాయన నన్ను చూసి తలాడించాడు. ఏదో తప్పు చేస్తూ దొరికిపోయినట్టు నేను గబగబా నడిచి వచ్చేశాను.

సిగ్గు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. మైపాడు బస్సులో నెల్లూరు కాలేజీకి పోయేటప్పుడు, ఎవరూ పలకరించకుండా పుస్తకం అడ్డం పెట్టుకుని చదువుకునేదాన్ని. చదువు అలా అబ్బింది. ఆ ఇంట్లో పుస్తకం అడ్డం పెట్టుకుంటే కుదరదు. నలుగురు ఆడవాళ్ళు, ఒక వంటగది. మాట్లాడలేను కాబట్టి పని చేశాను. సింకులో గిన్నెలు ఎవరివైనా కడిగేదాన్ని. పొయ్యి తుడిచేదాన్ని. చెత్త డబ్బాలు వీధిలోకి తోసేదాన్ని. ఇంటావిడ గుమ్మం ముందు రాలిన ఆకులు ఊడ్చేదాన్ని. ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇక్కడ నా చెయ్యి కూడా మోకు మీద ఉందని అనుకున్నాను.

అందుకే టీ పెట్టుకునేటప్పుడు ఫ్రిజ్‌లో ఏ సీసా ముందుంటే దాంట్లోంచి కాసిని పాలు పోసుకున్నాను. ఒకరోజు గుడ్డు. ఒకరోజు సగం ఉల్లిపాయ. చెంచాడు వెన్న. ఎప్పుడూ ఎక్కువ తీసుకోలేదు. చాటుగానూ తీసుకోలేదు. ఎవరైనా ఉంటే వాళ్ళ ముందే తీసుకునేదాన్ని, కానీ ఆ వేళకు ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఫ్రిజ్‌లో మూడు అరలు మూడు గదులవని నాకు తెలుసు. నా అరలో నా సామాను ఉండేది. అది ఎవరి సామాను ఎక్కడ పెట్టాలో చెప్పే ఏర్పాటు అనుకున్నాను. ఎవరి సామాను ఎవరు ముట్టకూడదో చెప్పే ఏర్పాటు అని తట్టలేదు.

టమోటా పప్పు చేసినప్పుడల్లా రెండు గిన్నెల్లో పోసి, మీద పళ్ళెం మూసి బల్ల మీద పెట్టేదాన్ని. మా ఊళ్ళో అరుగు మీద మూత పెట్టిన గిన్నె కనిపిస్తే, అది తీసుకోమనే. వాళ్ళెవరూ ముట్టుకోలేదు. రెండు రోజులకు పులిసిన వాసన వస్తే నేనే పారబోసి గిన్నెలు కడిగాను. నా వంట నచ్చలేదనుకుని డైరీలో ఒక పేజీ ఏడ్చాను. ఎవరిదో తెలియని గిన్నె ముట్టుకోకూడదని వాళ్ళు మర్యాదగా ఆగిపోయారని చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఆరు వారాలు గడిచాక, ఒక శుక్రవారం పొద్దున ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి ఉంది. నర్సింగు అమ్మాయి చేతిరాత. "పాలు, గుడ్లు తీస్తున్నవాళ్ళు దయచేసి ముందు అడగండి. ఇది చాలాసార్లు జరిగింది." కింద నవ్వుతున్న ముఖం బొమ్మ.

నిజం చెబుతున్నాను, ఆ కాగితం చదివి నేను, ఎవరబ్బా ఆ పని చేస్తోంది, అనుకున్నాను. కెటిల్‌లో నీళ్ళు పట్టేంతసేపు అలాగే అనుకున్నాను. తర్వాత ఫ్రిజ్ తెరిచి, పాల సీసా మీద చెయ్యి వేశాను. అప్పుడు తెలిసింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కాళ్ళ కింద ఇసుకను అల లాగేసినప్పుడు ఉంటుందే, అలా అయింది. ఆ పూట పాలు లేని టీ తాగి కాలేజీకి పోయాను.

సాయంత్రం చెప్పేద్దామనుకున్నాను. సాయంత్రం నర్సింగు అమ్మాయి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"కాగితం చూసి నువ్వు బాధపడకు. అది నీ గురించి కాదు. నువ్వు రోజంతా కడుగుతూనే ఉంటావు, పాపం."

"మరి?" అన్నాను.

"మన ముగ్గురిలో మధ్యాహ్నం ఇంట్లో ఉండేది ఎవరు?"

బ్రెజిల్ అమ్మాయి గదివైపు చూసి కనుబొమ్మలు ఎగరేసింది. "ఇంటావిడకు చెప్పాను. తన ఇంట్లో అలాంటి మనిషి ఉంటే ఊరుకోనంది. వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం అందరినీ కింద టీకి పిలుస్తుందట. అక్కడే తేలుస్తుంది."

అప్పుడు నోరు విప్పి ఉంటే రెండు మాటలతో పోయేది. విప్పలేదు. నా రెండు నెలల గడువుకు ఇంకా రెండు వారాలున్నాయి. గది పోతే మళ్ళీ ఆ పై మంచం, ఆ తర్వాత మా తరగతి అబ్బాయి దారి. రేపు చెబుతాననుకున్నాను. రేపు శనివారం, ఎవరూ లేరు. ఎల్లుండి నర్సింగు అమ్మాయికి తలనొప్పి. ప్రతిరోజూ ఒక సాకు దానంతట అదే దొరికేది. డైరీలో ఏ రోజు చూసినా వాన గురించే రాసి ఉంది. డైరీకి కూడా చెప్పలేకపోయాను.

బ్రెజిల్ అమ్మాయికి మాట చేరింది. రొట్టెలు తేవడం మానేసింది. ఒకరోజు మధ్యాహ్నం నేను తొందరగా ఇంటికొస్తే ఆమె వంటగదిలో ఉంది. పాల డబ్బా మీద నల్ల పెన్నుతో తన పేరు పెద్ద అక్షరాలతో రాస్తోంది. రాసి, ఆ డబ్బాను నా ముఖం ముందు పెట్టింది.

"చూడు. నాది. పేరు కనిపిస్తోందా? దూరం నుంచి కూడా కనిపిస్తోందా?"

ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా భుజాల మీద ఆమె ఇచ్చిన రెయిన్‌కోటే ఉంది.

"రేపు గాలి ఎక్కువగా ఉంటుందట," అన్నాను నేను.

ఇంతవరకూ నా జీవితంలో నేనన్న మాటలన్నిటిలోకీ నాకు ఎక్కువ సిగ్గు కలిగించేది అదే.

ఆ టీకి ముందురోజు, శనివారం, ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ పాలెంలో ఎవరింటికో పోయిందట, అవ్వ ఎత్తింది. వీడియోలో అవ్వ ముఖం ఎప్పుడూ నుదురు, సగం కన్ను మాత్రమే.

"తిన్నేవా?"

"తిన్నా. అవ్వా, ఇక్కడ ఒకటి జరిగింది." పాల సంగతి చెప్పాను.

"పాలకి కాగితం అంటించినారా! టీ చుక్కకి! ఏం మనుషులే వాళ్ళు. నువ్వు ఆ గిన్నెలు గూడా కడగబాక ఇంక."

"అది కాదవ్వా. వాళ్ళు నేనని అనుకోలా. ఇంకో పిల్ల అనుకుంటుండారు. బ్రెజిల్ పిల్ల. నాకు కోటు ఇచ్చింది చూడు, ఆ పిల్ల."

నుదురు ఫోన్‌కు దూరంగా జరిగింది. మొదటిసారి అవ్వ ముఖం మొత్తం కనిపించింది.

"నువ్వేం చెప్పినావు?"

"ఏం చెప్పలా."

"ఎన్నాళ్ళైంది?"

"తొమ్మిది రోజులు."

"తొమ్మిది రోజుల నుంచి నీ తప్పు ఆ బిడ్డ నెత్తిన పెట్టి నువ్వు అన్నం తింటుండావా?"

"గది పోతాదవ్వా."

"పోతే పోనీ. ఆ బిడ్డకి మాత్రం గది పోదా?" అని, "నీకు నోరు లేదనుకున్నా గానీ, సిగ్గు గూడా లేదనుకోలా," అంది. ఫోన్ ఎలా ఆపాలో తెలియక దాన్ని అలాగే మంచం మీద పడేసి పోయింది. చాలాసేపు మా ఇంటి పైకప్పు రేకులు చూస్తూ కూర్చున్నాను. ఎక్కడో కాకి అరుస్తోంది. రావాలనిపించింది, వెంటనే, ఆ రేకుల కిందికి. కానీ ఆ ముఖం పెట్టుకుని అక్కడికి కూడా పోలేనని తెలిసింది.

ఆదివారం నాలుగు గంటలకు ఇంటావిడ బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, టీ, ఎండుద్రాక్షల కేకు పెట్టింది. చెప్పాల్సినదంతా ఇంగ్లీషులో కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను. ఇంటావిడ గొంతు సవరించుకుని, "మనం పెద్దవాళ్ళం కాబట్టి," అని మొదలుపెట్టింది. నేను కాగితం తీయడం మర్చిపోయాను.

"పాలు నేనే. గుడ్లు నేనే. వెన్న కూడా."

"వెన్న కూడానా?" అంది నర్సింగు అమ్మాయి. ఆమె వెన్న సంగతి గమనించనే లేదు.

"ఉల్లిపాయలు కూడా," అన్నాను. మొదలుపెట్టాక ఆగడం రాలేదు.

ఇంటావిడ కప్పు కింద పెట్టింది. "అడిగితే ఎవరూ కాదనరు కదా. ఎందుకు అడగలేదు?"

"మా ఊళ్ళో అడగరు." బల్ల గుడ్డ అంచును మోకులాగా పట్టుకుని వల ఎలా లాగుతారో చూపించబోయాను. చెంచాలు కదిలి గలగలమన్నాయి. చెయ్యి వేసినవాళ్ళకు చేపలు దక్కుతాయని, అడిగితే తప్పని, నాకొచ్చిన మాటల్లో చెప్పాను.

ఆవిడ శ్రద్ధగానే విన్నది. "అంటే నువ్వు గిన్నెలు కడిగింది పాల కోసమా?"

"కాదు!" అన్నాను. ఆ ఇంట్లో నేను గొంతు పెంచింది ఆ ఒక్కసారే. అది కూలి కాదని ఎలా చెప్పాలో తెలియలేదు. ఇప్పటికీ ఇంగ్లీషులో తెలియదు.

నర్సింగు అమ్మాయి ముఖం ఎర్రబడింది. ఆమె నావైపు చూడటం లేదు, బ్రెజిల్ అమ్మాయి వైపు చూస్తోంది. "నేను నిన్ను అనుకున్నాను. క్షమించు," అంది నెమ్మదిగా.

బ్రెజిల్ అమ్మాయి ఆమెవైపు తిరగలేదు. నన్నే చూస్తోంది.

"ఆ కాగితం అంటించిన రోజు నుంచి నీకు తెలుసు."

"తెలుసు."

"నేను డబ్బా మీద పేరు రాసిన రోజు కూడా తెలుసు."

"తెలుసు."

"నాకు వాతావరణం చెప్పావు," అంది. కుర్చీ వెనక్కి తోసి మెట్లెక్కి పోయింది. ఆమె కేకు ముక్క ముట్టుకోకుండా అలాగే ఉంది.

ఇంటావిడ ఆ పళ్ళేన్ని పక్కకు జరిపింది. "నీ గది నీదే," అంది నాతో. "కానీ ఆమె నిన్ననే నాకు చెప్పింది, తనను దొంగలాగా చూసిన ఇంట్లో ఉండనని. నెలాఖరుకు పోతానంది. ఉండమని నేను అడిగాను. ఒప్పుకోలేదు. ఇప్పుడు అడగాల్సింది నేను కాదు."

పైకి పన్నెండు మెట్లు. ఆమె తలుపు ముందు నిలబడ్డాను. లోపల అలమార తలుపు తీసి మూసిన చప్పుడు. చిన్నప్పటి ఆ "మామా, నాకు?" తర్వాత నేను నోరు తెరిచి ఎవరినీ ఏదీ అడగలేదు. సీటుకు దరఖాస్తు పెట్టాను, స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టాను, అవన్నీ కాగితాలు. తలుపు కొట్టాను.

"పోవద్దు," అన్నాను. "దయచేసి ఉండు. ఉంటావా?"

"ఇప్పుడు అడుగుతున్నావా?" అంది తలుపు తీయకుండానే.

"ఇప్పుడే అడగగలిగాను."

నేను మెట్ల మీద కూర్చున్నాను. చివరికి తలుపు తెరుచుకుంది.

"ఉంటాను. నీ కోసం కాదు. ఈ ఊళ్ళో గది దొరకదు కాబట్టి." మళ్ళీ మూసుకుంది.

ఆ చలికాలమంతా ఆమె నాతో మాట్లాడలేదు. నేను రెయిన్‌కోటు ఉతికి మడిచి తలుపు ముందు పెడితే, మర్నాడు అది నా తలుపుకు వేలాడుతూ కనిపించింది. "తడవకు. జబ్బుపడితే నీ దగ్గు మేమే వినాలి," అని చిన్న చీటీ. అదొక్కటే.

ఇక నేను అడగడం నేర్చుకున్నాను. ఉప్పు తీసుకోవచ్చా, ఈ గిన్నె వాడొచ్చా, కిటికీ తెరవొచ్చా. మొదట్లో ప్రతిసారీ అడుక్కుంటున్నట్టు ముఖం వేడెక్కేది. క్రమంగా ఇంకొకటి కనిపించింది. అడిగితే ఎదుటిమనిషి తలెత్తి చూస్తుంది. ఒక మాట వస్తుంది, దాని వెనక ఇంకో మాట. నర్సింగు అమ్మాయి వాళ్ళ నాన్న గొర్రెల సంగతులన్నీ నాకు ఒక ఉల్లిపాయ అడగబోతే తెలిశాయి. మా ఒడ్డు మీద ఒకరినొకరు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాం కాబట్టి మాటలు అక్కర్లేదు. అక్కడ నన్ను ఎవరు చూశారు, నేను అడిగేదాకా?

వసంతం వచ్చి పొద్దు పెరిగాక, ఒకనాడు బ్రెజిల్ అమ్మాయి ఫ్రిజ్ ముందు నిలబడి, వంగి దండం పెడుతూ, "మహారాణీ, తమరి అరలోంచి ఒక పచ్చిమిరపకాయ దయచేయించగలరా?" అంది.

నాలుగు నెలల తర్వాత నాతో ఆమె అన్న మొదటి మాట. నాకు నవ్వు రాలేదు, తల మాత్రం ఊపాను.

"అడిగాను. జవాబు గట్టిగా చెప్పాలి. వినిపించదు నాకు."

"తీసుకో!" అన్నాను గట్టిగా.

"రెండు తీసుకోవచ్చా?"

"తీసుకో!"

మిరపకాయ కొరికి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, తన భాషలో నన్ను ఏవో తిట్లు తిట్టింది. అప్పటి నుంచి రోజూ అదే వేళాకోళం. మళ్ళీ రొట్టెలు బల్ల మీద పడ్డాయి. ఇక్కడ మా వాకిట్లో కూర్చుని ఇది రాస్తుంటే, మధ్యాహ్నం పూట ఆ వంటగదిలో రొట్టె వాసన, కిటికీ అద్దం మీద వాన, రేడియోలో ఇంటావిడ వినే పాత పాటలు గుర్తొచ్చి, నాలుక మీద ఏదో తెలియని ఆకలి. అక్కడున్నన్నాళ్ళూ ఇక్కడికి బెంగపడ్డాను. ఇప్పుడు ఇలా.

నేను వచ్చేసే రోజు నా పెద్ద సూట్‌కేసు ఆమే బస్ స్టాపు దాకా లాక్కొచ్చింది. గాలికి ఆమె జుట్టు ముఖమంతా కప్పేసింది. నేను మళ్ళీ ఒకసారి క్షమించమన్నాను. అప్పటికి ఎన్నోసారో.

"ఎనిమిది రోజులు క్షమించాను," అంది. "ఒక రోజు మాత్రం ఉంచుకున్నాను."

"ఏ రోజు?"

ఆమె నావైపు చూసింది. ఏ రోజో నాకు తెలుసు. తెలిసి అడిగాను.

"అది కూడా క్షమించు," అన్నాను.

"లేదు," అంది తేలిగ్గా, కోపం లేకుండా. "అడిగావు, బాగుంది. కానీ లేదు."

బస్సు వచ్చింది. సూట్‌కేసును ఇద్దరం కలిసి పైకెత్తాం. ఆమె నన్ను గట్టిగా వాటేసుకుని, నా కోటు గుండీలు మెడదాకా పెట్టి, పనికి టైమవుతోందని పరుగెత్తింది. మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూశాను. ఆమె వెనక్కి తిరగలేదు.